పరగడుపు మాత్ర

విశాఖపట్నం, నర్సుల హాస్టలు
జూలై 1985

గౌరీ,

పెళ్ళై అత్తారింటికి వెళ్ళినదానివి, ముందు నువ్వే రాస్తావని చూశాను. నువ్వేమో నేను రాస్తానని చూస్తున్నట్టున్నావు. సరే, ఓడిపోయాను.

నాకు రెండో సంవత్సరం మొదలైంది. మందుల గురించి కొత్త సబ్జెక్టు పెట్టారు. పుస్తకం ఇంగ్లీషు, పాఠం ఇంగ్లీషు, మందుల పేర్లు మాత్రం ఏ భాషో ఎవరికీ తెలియదు. మొదటి పరీక్ష తప్పాను. మాకు పాఠం చెప్పే పుష్పకుమారి సిస్టరు నన్ను పక్కకు పిలిచింది. తిడుతుందనుకున్నాను. "నీకు రానిది మందు కాదమ్మా, దాని పేరు. అది ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టు తెలుగులో చెప్పి చూడు" అంది. మా నాన్న చర్చి పనుల మీద తిరుగుతూ ఉంటాడు. అమ్మకి వినే ఓపిక లేదు. ఆనందపురం హైస్కూల్లో నాకు లెక్కలు నేర్పి పదో తరగతి గట్టెక్కించింది నువ్వే కాబట్టి ఈ బాధ కూడా నీకే. నీకు అర్థమైతే నాకు వచ్చినట్టు లెక్క.

ఈ వారం జ్వరం మాత్ర. మన తలలో ఒంటి వేడిని చూసుకునే చోటు ఒకటి ఉంటుందట. జ్వరమొచ్చినప్పుడు అది, ఉన్న వేడి చాలదని పొరబడుతుంది. పారాసిటమాల్ వెళ్ళి దానికి సర్దిచెబుతుంది. అప్పుడు చెమట పట్టి జ్వరం దిగుతుంది. కానీ జ్వరం తెచ్చిన క్రిమి జోలికి మాత్రం అది పోదు. ఆస్పిరిన్ కూడా జ్వరం దించుతుంది, నొప్పి, వాపు కూడా తగ్గిస్తుంది. అయితే కడుపు లోపలి పూతను పాడుచేస్తుంది. ఖాళీ కడుపున వేసుకుంటే మంట.

మీ ఆయన, మా అప్పలసూరి అన్నయ్య, ఎలా ఉన్నాడు? ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడిలో వెల్డింగంటే కళ్ళకు మంచిది కాదంటారు, జాగ్రత్తని చెప్పు.

నీ జయమణి

&nbsp;

ఆనందపురం
ఆగస్టు 1985

జయా,

నీ ఉత్తరం మా అత్తకి చదివి వినిపించాను. మా అత్త సన్యాసమ్మ మోకాళ్ళ నొప్పులకి రోజూ పొద్దున్నే, పళ్ళు తోముకోగానే, దుకాణంలో కొన్న మాత్రొకటి వేసుకుంటుంది. మధ్యాహ్నానికి కడుపు పట్టుకుని కూర్చుంటుంది. ఇన్నాళ్ళూ అది గాలి చేసిందనుకున్నాం. నీ ఉత్తరం వచ్చాక అంబలి తాగించి, తరవాత మాత్ర ఇస్తున్నాను. మంట తగ్గింది. "ఆ కిరస్తానీ పిల్ల మంచిగా సెప్పినాది, ఇంకేటి రాసిందో సదువు" అని అడుగుతోంది. కాబట్టి నీకిప్పుడు ఇద్దరు విద్యార్థులు.

నాకొక సందేహం. మాత్ర పోయేది కడుపులోకి. నొప్పి ఉండేది మోకాలిలో. అక్కడ నొప్పి ఉందని మాత్రకెలా తెలుస్తుంది?

ఈయన వారమంతా ఫ్యాక్టరీ దగ్గర కూర్మన్నపాలెంలో మరో ముగ్గురితో కలిసి గదిలో ఉంటాడు. ఆదివారం వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడు. బాగానే ఉన్నాడు. బాగానే చూసుకుంటాడు. పెళ్ళికాని స్నేహితురాలికి రాసే ఉత్తరంలో ఇంతకంటే ఏం రాస్తారో నాకు తెలియదు.

గౌరీశ్వరి

&nbsp;

విశాఖపట్నం
ఆగస్టు 1985

గౌరీ,

నీ సందేహాన్ని క్లాసులో అడిగాను. అందరూ నవ్వారు, తరవాత ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. సిస్టరు సంతోషపడింది.

మాత్రకి తెలియదట. కడుపులోంచి నెత్తురులో కలిసి, తల నుంచి కాలి గోటి దాకా అంతటా తిరుగుతుంది. దానికి పని ఉన్నచోట ఆ పని చేస్తుంది. పని లేనిచోట కూడా ఏదో ఒకటి కెలుకుతుంది. మోకాలికి వేసుకున్న మాత్ర కడుపుని బాధపెట్టేది అందుకే. మేలు, కీడు రెండూ ఒకే గుణంలోంచి వస్తాయని సిస్టరు చెప్పింది. నాకది బాగా నచ్చింది.

పనయ్యాక మందు ఒంట్లోంచి బయటికి పోవాలి. చాలావాటిని కాలేయం విరగ్గొడుతుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. కొన్ని చెమటలోనూ కన్నీళ్ళలోనూ కూడా పోతాయి. బీ విటమిను వేసుకున్నప్పుడు మూత్రం పసుపుపచ్చగా వస్తే జనం కామెర్లని భయపడి పరుగెత్తుకొస్తారు. మత్తయ్య అని మా వార్డుబాయి ఒకడు, అలాగే భయపడి రోజంతా చెరుకురసం తాగాడు.

నీ ఉత్తరంలో "బాగానే" అని రెండుసార్లు రాశావు. నీతో ఐదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాను. ఏమిటి సంగతి?

జయ

&nbsp;

ఆనందపురం
సెప్టెంబరు 1985

జయా,

నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను.

ఈయన ఇంటికొచ్చినా నాతో ఉండడు. వచ్చిన రోజున మధ్యాహ్నం పడుకున్నా అరుగు మీద చాప వేసుకుంటాడు. నేను ఎదురుగా కూర్చుంటే మొహం పక్కకి తిప్పి మాట్లాడతాడు. తన గ్లాసు తనే కడుక్కుంటాడు. వేసవిలో పెళ్ళైన కొత్తల్లో ఇలా లేడు. నన్ను కసిరిందీ లేదు, ఒక్క మాట అన్నదీ లేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది. పోట్లాడితే కారణం తెలిసేది.

ఇంకొకటి. మందు ఒంట్లోంచి బయటికి పోవడం గురించి నువ్వు రాసింది చదివాక ఇది అడగాలనిపించింది. ఆయన బట్టలు నేనే ఉతుకుతాను. బనియన్ల మీద చంకల దగ్గర నారింజపండు రంగు మరకలు. తలగడ గలీబు మీద కూడా. అడిగితే, ఇనుముకి పూసే ఎర్ర రంగు అన్నాడు. ఆ రంగైతే చొక్కా మీద, పైన పడాలి కదా. చొక్కా శుభ్రంగానే ఉంది. రాయడానికి సిగ్గేస్తోంది గానీ, పెరట్లో దడి దగ్గర ఆయన వెళ్ళొచ్చాక సున్నం వేసిన రాయి కూడా ఎర్రబడింది. అది నెత్తురేమోనని నాకు అన్నం సహించడం లేదు. మా అత్తకి చెప్పలేదు.

నీ పుస్తకంలో ఏమైనా ఉందా?

గౌరి

&nbsp;

విశాఖపట్నం
సెప్టెంబరు 1985

గౌరీ,

ముందుగా, అది నెత్తురు కాదనే నాకు గట్టిగా అనిపిస్తోంది. నువ్వు అన్నం తిను.

మూత్రాన్నీ చెమటనీ కన్నీళ్ళనీ అలా ఎర్రగా చేసే మందొకటి ఉంది. ఆ రంగు వల్ల హాని లేదు. ఆ మందు ఏమిటో, ఎందుకిస్తారో నాకు తెలుసు. నీకు రాయాలని కలం పట్టుకుని ఆగిపోయాను. పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా సిస్టరుని అడిగాను. "రోగం సంగతి చెప్పుకోవలసింది రోగి. నువ్వు చూడని మనిషికి ఉత్తరంలో రోగం అంటగట్టకు. కానీ ఆ ఇంటి ఆడపిల్ల ఒంటి సంగతి అడగడం నీ ధర్మం" అంది.

అందుకని అడుగుతున్నాను. నీకు దగ్గు ఉందా? సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? బరువు తగ్గావా? ఏ ఒక్కటి ఉన్నా వెంటనే బస్సెక్కి నా దగ్గరికి రా.

అన్నయ్యని అడుగు. దెబ్బలాటలా కాకుండా, నెమ్మదిగా. నీకు మరక సంగతి తెలుసనీ, అది మందు రంగని తెలుసనీ చెప్పు. అంతవరకు చెబితే చాలు. మొహం పక్కకి తిప్పేది నీ మీద ఇష్టం లేక కాదేమోనని నాకనిపిస్తోంది.

జయమణి

&nbsp;

ఆనందపురం
అక్టోబరు 1985

జయా,

నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. ముందు ఆ భయం వదులుకో.

ఆదివారం మా అత్త సంతకి వెళ్ళిన వేళ చూసి అడిగాను. పెరట్లో సైకిలు గొలుసుకి నూనె వేస్తున్నాడు. బనియను తెచ్చి పక్కన పెట్టి, ఇది మందు రంగంట కదా అన్నాను. నూనె డబ్బా కింద పెట్టేశాడు.

అప్పుడు చెప్పాడు. పెళ్ళైన కొద్ది రోజులకే దగ్గు పట్టుకుందట. వెల్డింగు పొగ వల్ల అనుకున్నాడు. ఒకరోజు కళ్ళెలో నెత్తుటి చార కనబడితే ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి పోయాడు. టీబీ అన్నారు. నన్నూ అత్తనీ తీసుకురమ్మని డాక్టరు చెప్పాడట, ఈయన తలూపి వచ్చేశాడు. అంటుకుంటుందని నాకు దూరంగా ఉన్నాడు. గ్లాసు కడుక్కున్నది అందుకు.

"నాను సెప్తే నువ్వు మీ అమ్మగారింటికి ఎల్లిపోతావనుకున్నాను" అన్నాడు.

"ఎందుకెల్తాను? మందు ఏసుకుంటన్నావు గదా" అన్నాను.

నూనె డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నాకు అనుమానం వచ్చింది. తరచి తరచి అడిగితే, కిందటి వారం నుంచి మానేశాడట. దగ్గు పోయింది, ఆకలి బాగా వేస్తోంది, గదిలో వాళ్ళు ఆ మాత్రలేమిటని అడుగుతున్నారు, ఇంకెందుకని మానేశాడు. మనిషి చూడ్డానికి నిజంగానే బాగున్నాడు జయా. ఒళ్ళు చేశాడు. కానీ జబ్బు ఉన్నదని తెలిసినప్పటి కంటే, మందు మానేశానన్నప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. అది సరైన భయమేనా? జబ్బు పోయిందంటే పోయినట్టు కాదా?

ఒక మాట మాత్రం నీకు చెప్పాలి. ఆయన నన్ను వద్దనుకోలేదు. ఆ రోజంతా ఇంట్లో అంట్లు తోముతూ పాట పాడుతున్నానని మా అత్త వింతగా చూసింది.

గౌరి

&nbsp;

విశాఖపట్నం
అక్టోబరు 1985

గౌరీ,

నీ భయం సరైనదే. ఈ ఉత్తరం అన్నయ్యకి మొత్తం చదివి వినిపించు.

ఈ జబ్బు క్రిమి మిగతా క్రిముల్లాంటిది కాదు. మెల్లగా పెరుగుతుంది, ఒంటి మీద మైనం లాంటి గట్టి తొడుగు ఉంటుంది. కొన్ని చురుగ్గా పెరుగుతుంటాయి. కొన్ని ఊపిరితిత్తుల్లో మూలల్లో కదలక మెదలక పడుంటాయి. ఒక్క మందుతో అన్నీ చావవు. ఐసోనయజిడ్ అనేది ఆ తొడుగు అల్లుకోనివ్వదు. పెరిగే క్రిమికి తొడుగు కావాలి కాబట్టి అది చస్తుంది. పడుకున్నదానికి కొత్త తొడుగుతో పని లేదు, అది తప్పించుకుంటుంది. ఎర్రరంగు గొట్టం మాత్ర ఉందే, రిఫాంపిసిన్, అది క్రిమి బతకడానికి లోపల రాసుకునే రాతనే ఆపేస్తుంది. పడుకున్నది కాస్త కళ్ళు తెరిచి కదిలిందా, దాన్నీ పట్టుకుంటుంది. పరగడుపున వేసుకోమనేది అన్నంతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదని. మిగతా మాత్రలు, ఈ రెండింటికీ లొంగని క్రిములు ఏవైనా ఉంటే అవి తలెత్తకుండా తోడుంటాయి.

చురుకైనవి ముందు చస్తాయి. దగ్గు పోతుంది, ఆకలి వేస్తుంది. మనిషి బాగుపడ్డాననుకుంటాడు. సరిగ్గా అప్పుడు మానేస్తే మిగిలేవి మొండివి. అవి మళ్ళీ పెరిగితే ఇవే మందులు వాటి మీద పనిచెయ్యకపోవచ్చు. మా వార్డులో అలాంటివాళ్ళని చూస్తున్నాను. నాకంటే చిన్నవాళ్ళు కూడా ఉన్నారు.

తనంతట తనే మళ్ళీ మొదలుపెట్టకూడదు. అదే డాక్టరు దగ్గరికి వెళ్ళి, మానేశానని ఉన్నదున్నట్టు చెప్పాలి. వాళ్ళు తిడతారు. తిట్టించుకోమను. నువ్వూ అత్తయ్యా ఎక్స్‌రే తీయించుకోండి. మందు పడ్డ కొన్ని వారాలకే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. గ్లాసు వల్ల అంటదు, దగ్గు వల్లే అంటుతుంది.

ఇదంతా రాశాక చూసుకుంటే, పుస్తకం ఒక్కసారి కూడా తెరవలేదు.

జయ

&nbsp;

కూర్మన్నపాలెం
డిసెంబరు 1985

జయా,

ఊరి పేరు చూశావు కదా. నేనిప్పుడు ఇక్కడే ఉంటున్నాను.

నీ ఉత్తరం విన్నాక మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు తిట్టాడు, ఈయన తల వంచుకుని తిట్టించుకున్నాడు. కళ్ళె మళ్ళీ పరీక్ష చేసి, కొత్తగా మొదటినుంచి లెక్క పెట్టుకుని తొమ్మిది నెలలు వేసుకోమన్నారు. మగాళ్ళ గదిలో ఉంటే మళ్ళీ దాచుకుంటాడని నాకు అర్థమైంది. ఇక్కడ ఒక వాటా అద్దెకి తీసుకుని నేను కూడా వచ్చేస్తానన్నాను. అలా రావాలంటే మా అత్తకి కారణం చెప్పాలి. ఈయన చెప్పలేనన్నాడు. నేనే చెప్పాను.

జయా, ఆవిడ సొంత అన్న ఆ జబ్బుతోనే పోయాడట. నాకు తెలియదు. ఊరి బయట పాక వేసి ఉంచారట, మా అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు దూరంగా గిన్నె పెట్టి వచ్చేదట. ఆ మాట చెబుతూ గోడకి చేరబడిపోయింది. నన్ను తిడుతుందేమో, నా జాతకం మీద పెడుతుందేమో అనుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా అన్నకి మందు నేదు. ఈడికుంది. ఎల్లు, దగ్గరుండి మింగించు" అంది.

బస్సు దగ్గరికి తానే కోడిగుడ్ల బుట్ట మోసుకొచ్చింది. మా ఇద్దరి ఎక్స్‌రేలూ శుభ్రంగా ఉన్నాయి.

ఇక్కడ ఫ్యాక్టరీ పనుల దుమ్ము ఎర్రగా అన్నిటి మీదా పడుతుంది. ఉతికిన బట్ట ఆరేలోపు మళ్ళీ ఉతకాలి. అయినా నాకిల్లు నచ్చింది. పొద్దున్నే లేవగానే మాత్రలు, మంచినీళ్ళు ముందు పెడతాను. మొదట్లో మొహమాటపడేవాడు. ఇప్పుడు చెయ్యి చాపుతాడు. ఒక్కటే, అరికాళ్ళు చీమలు పాకినట్టు ఉంటున్నాయంటున్నాడు. అది జబ్బా, మందా?

గౌరి

&nbsp;

విశాఖపట్నం
జనవరి 1986

గౌరీ,

అరికాళ్ళ సంగతి మందు వల్లే అయి ఉంటుంది. ఐసోనయజిడ్ ఒంట్లో బీ-సిక్స్ విటమిన్ని తగ్గిస్తుంది, దాంతో నరాలు జివ్వుమంటాయి. ఆ విటమిన్ మాత్ర ఇస్తే సర్దుకుంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరుకి చెప్పండి. అంతవరకు ఏ మాత్రా మానొద్దు. కళ్ళు పచ్చబడినా, వాంతులైనా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోయినా మాత్రం ఆగకుండా వెళ్ళాలి.

నేను పాసయ్యాను. ఇంగ్లీషులో రాస్తూ కూడా లోపల నీకు చెబుతున్నట్టే రాశాను. ఒకచోట మర్చిపోయి "మాత్రకెలా తెలుస్తుంది" అని తెలుగులోనే మొదలుపెట్టి కొట్టేశాను. పుష్పకుమారి సిస్టరు ఈ మాటు పక్కకి పిలవలేదు, అందరి ముందే భుజం తట్టింది.

క్రిస్మస్‌కి నేను ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ చెప్పింది, మీ అత్తయ్య వచ్చి తన దగ్గర కూర్చుందట. నువ్వక్కడ తిన్నగా తింటున్నావో లేదో నన్నడిగి కనుక్కోమందట. నీ కొడుకు సంగతి కాదా అని మా అమ్మ అడిగితే, ఆడికి నా కోడలుంది, నా కోడలికెవరున్నారు అందట. చదివి దాచుకో.

జయ

&nbsp;

కూర్మన్నపాలెం
ఆగస్టు 1986

జయా,

మందులు ఆపమన్నారు. కళ్ళె పరీక్షలో ఏమీ లేదు. ఎక్స్‌రేలో పాత మచ్చ ఒకటి కనబడుతోంది, అది మానిన గాయమని డాక్టరు చెప్పాడు. మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆయన కూడా అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

కానీ ఇవాళ ఉత్తరం రాస్తున్నది అందుకు కాదు.

మా పక్క వాటాలో నీలకంఠం అని ఉంటాడు, ఈయనతోనే పని. వానలు మొదలైనప్పటి నుంచి దగ్గుతున్నాడు. వాళ్ళావిడ తాయారు నా దగ్గర కూర్చుని చెప్పుకుంటుంది. బీడీలు మానితే పోతుందని అతనంటాడట, మాననూ మానడు, ఆసుపత్రికీ పోడు. నాకు లోపల తెలుస్తూనే ఉంది. ఈయనకి చెప్పాను. విని, లేచి సైకిలు తుడుచుకోడానికి పోయాడు. ఆయన జబ్బు సంగతి ఈ వీధిలో ఎవరికీ తెలియదు. చెప్పమని నేను ఎలా అడుగుతాను? నీకు సిస్టరు చెప్పిన మాట గుర్తు పెట్టుకుని నేనూ ఊరుకున్నాను.

నిన్న ఆదివారం సాయంత్రం మగాళ్ళంతా అరుగు మీద కూర్చున్నారు. నేను లోపల చేపలు వేపుతున్నాను. నీలకంఠానికి దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. ఎవరో హాస్యమాడారు. అప్పుడు ఈయన గొంతు వినబడింది.

"బావా, నాకు టీబీ వొచ్చినాది, పోయినేడు. దాసుకున్నాను. దాసుకుంటే తగ్గుతాదేటి? రేపు నువ్వు నాతో రా."

నేను పొయ్యి మీది మూకుడు దించడం మరిచిపోయి గుమ్మంలోకి వచ్చాను. ఒకాయన లేచి, పనున్నట్టు తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఈయన చూశాడు. మొహం పక్కకి తిప్పుకోలేదు.

నీలకంఠమే మెల్లగా అడిగాడు. "నీకేటి? నువ్వు బాగానే ఉన్నావు గదా."

"అందుకే సెప్తన్నాను" అన్నాడు ఈయన.

రాత్రి భోజనం వడ్డించాను. చేపలు కాస్త మాడాయి, బాగున్నాయని తిన్నాడు.

ఇవాళ పొద్దున్న ఆసుపత్రికి బయల్దేరారు. బస్సు కోసం చూసి చూసి సైకిలు తీశారు. దారి ఎత్తు కదా, నీలకంఠం నాలుగడుగులు వెయ్యగానే ఆయాసపడి, వెనక ఎక్కి కూర్చున్నాడు. మా ఆయన తొక్కాడు. నేనూ తాయారూ గుమ్మంలో నిలబడి, వాళ్ళిద్దరూ జంక్షను దాటి కనబడకుండా పోయేదాకా చూశాం. ఈయన ఎక్కడా దిగలేదు జయా. ఒక్కసారి కూడా ఆగి ఊపిరి పీల్చుకోలేదు.

నీ గౌరి